కూర్చోవడానికింత చోటు

మొదటి సెమిస్టరు పరీక్షలు రాసి ఇంటికి పోయినప్పుడు మా అమ్మ అడిగింది: "యాడ కూసోని సదువుకుంటున్నవ్ బిడ్డా?"

ఏం చదువుతున్నావని అడిగితే ఎమ్మే ఎకనామిక్సు అని ఠక్కున చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఎక్కడ కూర్చుని అనేసరికి నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ ఆరునెలలూ నేను చోటు వెతుక్కోవడంతోనే సరిపెట్టాను. ఆ సంగతి తర్వాత ఫలితాల్లో తేలింది. స్టాటిస్టిక్సు పేపరు పోయింది. కాబట్టి మిత్రులారా, ఇది ఒక పేపరు పోగొట్టుకుని సంపాదించిన జ్ఞానం. మీకు ఉచితంగా పంచిపెడుతున్నాను.

నా మొదటి మజిలీ హాస్టలు గది. మేము నలుగురం. ఒకాయనకు పైకి చదివితేగాని బుర్రకెక్కదు. రెండో ఆయనకు లైటు వెలుగుతుంటే నిద్రపట్టదు. మూడో ఆయన ఫోనులో క్రికెట్టు చూస్తూ అంపైరు తీర్పుల మీద తన తీర్పులు చెబుతుంటాడు. నాలుగోవాణ్ణి నేను. ఈ ముగ్గురి మీదా సణుక్కోవడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు.

అక్కణ్ణించి లాండ్‌స్కేప్ గార్డెన్‌కు మకాం మార్చాను. చల్లగాలి, దూరంగా నెమళ్ల అరుపులు, పొద్దున్నే నడకకు వచ్చిన పెద్దల పిచ్చాపాటీ. లోకంలో ఇంతకన్న మంచి చోటు లేదనిపిస్తుంది. అలా అనిపించడంతోనే పూట గడిచిపోతుంది. పది నిమిషాల్లో పుస్తకం తలగడ అవుతుంది. ప్రకృతి ఒడిలో కవిత్వం వస్తుందేమోగాని స్టాండర్డ్ డీవియేషన్ మాత్రం రాదు.

ఇక మన ఆర్ట్స్ కాలేజీ మెట్లు. పొద్దున పూట ఆ రాయి చల్లగా, హాయిగా ఉంటుంది. పదకొండయ్యేసరికి మనిషినీ పుస్తకాన్నీ కలిపి లేపేస్తుంది. ఈలోగా భవనం చూడవచ్చినవాళ్లు "కొంచెం ఫోటో తీస్తారా?" అంటూ ఫోను చేతిలో పెడతారు. ఆ మెట్ల మీద నేను చదివిన పేజీలకన్న తీసిపెట్టిన ఫోటోలే ఎక్కువ.

అక్కడ కూర్చునే ఒకనాడు నాకొక గొప్ప వాదన తట్టింది. మన విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. 1919లో అబిడ్స్ ప్రాంతంలో అద్దె భవనాల్లో పాఠాలు మొదలుపెట్టింది. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాదిరాయి పడి, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగింది. అంటే విశ్వవిద్యాలయమంతటిదే తనకంటూ చోటు కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసింది. నాబోటివాడు ఆరునెలలు వెతుక్కుంటే తప్పేముంది? ఈ మాట మా లెక్చరరు గారితో అన్నాను. ఆయన నవ్వి, "ఆ ఇరవై ఏళ్లూ పాఠాలు ఆగలేదు గదయ్యా" అన్నారు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరునాడే అడిక్‌మెట్ మీదుగా నడుచుకుంటూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి చేరాను. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలు, ఎవరి పరీక్ష వాళ్లది. మధ్యాహ్నానికి టిఫిన్ డబ్బా, మంచినీళ్ల సీసా వెంట తెచ్చుకుంటారు. నిశ్శబ్దం ఉందా అంటే లేదు. కుర్చీలు లాగిన చప్పుడు, కాగితాల చప్పుడు, బయటి రోడ్డు చప్పుడు. అయినా ఎవరూ తలెత్తరు. అందరూ అలా చదువుతుంటే ఫోను తీయడానికి మనకే సిగ్గేస్తుంది. నాకు ఇన్నాళ్లూ కొరవడింది ఈ సిగ్గేనని అప్పుడర్థమయింది.

నా ఎదుటి కుర్చీలో పాలమూరు వైపు అన్న ఒకాయన కూర్చునేవాడు. ముప్పై దాటిన మనిషి. తెల్లవారి పాల ప్యాకెట్లు వేసి, ఆ తర్వాత లైబ్రరీకి వచ్చేవాడు. ఒకరోజు నా పుస్తకం చూసి, "తమ్మీ, గిది నాకు జర చెప్పరాదూ? మా పరీక్షల గిసొంటియి అడుగుతరు" అన్నాడు. ఆ పేపరే పోయిందని చెప్పలేక, చెప్పడం మొదలుపెట్టాను. సగటు దాకా బాగానే నడిచింది. స్టాండర్డ్ డీవియేషన్ దగ్గర, "తేడాలను వర్గం ఎందుకు చేస్తరు?" అన్నాడు. నా దగ్గర సూత్రముంది, సమాధానం లేదు. రాత్రి కూర్చుని వెతికాను. సగటుకు పైనున్న తేడాలూ కిందనున్న తేడాలూ ఉన్నవున్నట్టు కలిపితే సున్నా అయి కూర్చుంటుంది, అందుకని వర్గం చేస్తారు. మరునాడు చెబితే "గట్లనా!" అని నోట్సులో రాసుకున్నాడు. ఇలా రెండు నెలలు. ఆయన అడిగే ఎందుకులకు జవాబులు వెతకడమే నా చదువయింది. పోయిన పేపరు తిరిగొచ్చింది.

ఆ ముక్క చెబుదామని స్వీటు డబ్బా పట్టుకుని పోతే ఆ కుర్చీలో మరెవరో ఉన్నారు. ఆయన పరీక్ష ఫలితాలొచ్చాయట, పేరు లేదట, సామాను సర్దుకుని ఊరికి పోయాడట. ఏ ఊరో నేనెప్పుడూ అడగలేదు. ఫోను నంబరూ అడగలేదు. రెండు నెలలు ఎదురెదురుగా కూర్చున్నాం. "నీ చదువెట్ల సాగుతోందన్నా?" అని ఒక్కనాడూ అడగలేదు. ఇది మాత్రం ఏ సప్లిమెంటరీ రాసినా తీరే బాకీ కాదు.

ఈ మధ్య సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్లాను. నిజాం రాజ్యంలో పై చదువుల్లో తెలుగుకు చోటులేని రోజుల్లో, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు వంటి పెద్దలు పూనుకుని నిలబెట్టిన గ్రంథాలయమది. వాళ్లు తాము చదువుకోగలిగినవాళ్లే. ఎదుటివాడి కోసం చోటు చేశారు. అక్కడ నాకు పాలమూరు అన్నే గుర్తొచ్చాడు.

మొన్న పండక్కి ఇంటికి పోతే అమ్మ మళ్లీ అదే అడిగింది. ఈసారి మొత్తం కథ చెప్పాను. నేను పాసయిన సంగతి చెబుతుండగానే, "మరి ఆ పిలగాడు పాసయిండా?" అంది.

జూనియర్ మిత్రులకు ఒక మనవి. సాయంత్రం ఐదు తర్వాత నేను మన యూనివర్సిటీ లైబ్రరీ రీడింగు రూములోనే ఉంటాను. స్టాటిస్టిక్సు తెలియనివారు మొహమాటపడకుండా వచ్చి ఎదురుగా కూర్చోండి. మీ ఎందుకులు మీరడగండి. మీ చదువెట్లా సాగుతోందో ఈసారి నేనడుగుతాను.