వంటింటి తలుపు

"మీకు నవలలకి ఆలోచనలు ఎక్కణ్ణించి వస్తాయండీ?" అని ఎవరైనా అడిగితే నేను కాస్త గంభీరంగా మొహం పెట్టి "జీవితంలోంచి" అంటాను. నిజం చెప్పమంటారా? నా పాత్రల్లో సగంమంది కుక్కరు మూడోకూతకీ, పోపులో ఆవాలు చిటపటలాడటానికీ మధ్య పుట్టినవాళ్ళే. ఆ మాట పైకంటే "వంటింటి రచయిత్రి" అని తీసిపారేస్తారేమోనని భయం. బి.ఏ.లో ప్రబంధాలు చదువుకున్నదాన్ని, ఆమాత్రం బింకం ఉండదూ!

పోయిన వానాకాలంలో ఆ బింకం కాస్తా పోయింది. రాస్తున్న నవలలో కథానాయిక తల్లి పోయే ఘట్టం దగ్గర కలం ఆగిపోయింది. నెల్లాళ్ళపాటు రాయడం, చించడం. త్యాగమూర్తి, కరుణామయి అంటూ సాగే వాక్యాలు చదువుకుంటే నాకే వెగటు పుట్టేది. మా అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు.

ఆరోజు పొద్దుటినుంచీ ముసురు. కూరలబండి రాలేదు. "ఏదో ఒకటి చేసెయ్యవోయ్" అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండా. అలమరలో పై అర తడిమితే గోరుచిక్కుడు వరుగుల డబ్బా చేతికి తగిలింది. ఉప్పేసి ఉడికించి, మజ్జిగలో నానేసి, అమ్మ ఎండబెట్టి ఇచ్చిన ఆఖరి వరుగులవి. ఏటా ఓసారి ఎండలో పెట్టి మళ్ళీ మూత బిగించేస్తున్నాను. వేయిస్తే అయిపోతాయి కదా!

వరుగులంటే నాకు 'ఆముక్తమాల్యద' గుర్తొస్తుంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ ఋతువులో ఏం వడ్డించేవాడో కృష్ణదేవరాయలు వరసపెట్టి చెప్పాడు. ఎండాకాలంలో మజ్జిగపులుసు, చెరకురసం, లేతకొబ్బరినీళ్ళు. వానాకాలంలో అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. అంతటితో ఊరుకోలేదు. భార్య కళ్ళలోకి పొగ పోకుండా పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టి వండించాడు! 16వ శతాబ్దంలో, అన్ని దండయాత్రల మధ్య, ఆ చక్రవర్తికి పొయ్యిపొగ సంగతి ఎలా తెలిసిందో!

డిగ్రీ పరీక్షలకి ఆ పద్యం పైకి చదువుతుంటే వంటింట్లోంచి అమ్మ "దానర్థం ఏవిటే?" అని అడిగింది. చెప్పాను. కాసేపాగి, "రాయలవారికి ఎవరో ఆడది చెప్పుంటుంది" అంది. నేను పకపకా నవ్వాను.

అప్పుడూ వానే. మా ఊళ్ళో మాకింకా గ్యాసు రాలేదు. తడికట్టెలు. అమ్మ గొట్టంతో ఊదుతోంది, దగ్గుతోంది, మళ్ళీ ఊదుతోంది. పొగ నా పుస్తకం మీదికి వస్తోందని లేచి వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసేశాను. అమ్మ ఏమీ అనలేదు. పద్యం కంఠతా వచ్చింది. మార్కులూ బాగానే వచ్చాయి.

ఈ తలుపు సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేదేముంది?

వరుగులు నూనెలో పడగానే ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంది. మావారు పేపరు పక్కన పెట్టి వచ్చి, "అత్తయ్యగారివా?" అన్నారు. తలూపాను. ఆ పూట పప్పూ వరుగులూ తప్ప మరేం లేదు. మా అమ్మాయి కంచం తుడుచుకుని "ఇంకా ఉన్నాయా అమ్మా?" అంది. "అయిపోయాయి" అన్నాను. అనుకున్నంత కష్టమనిపించలేదు.

ఆ రాత్రి కూర్చుని రాశాను. తల్లి పోయే ఘట్టం తీసేశాను. దాని బదులు ఓ పిల్ల చదువుకుంటూ లేచి వెళ్ళి వంటింటి తలుపు వేస్తుంది. లోపల దగ్గు వినిపిస్తుంది. అంతే. రెండు పేజీలు. త్యాగమూర్తి అన్న మాట ఎక్కడా రాలేదు.

ఈ ఎండాకాలం నేనూ మా అమ్మాయీ కిలో గోరుచిక్కుళ్ళు కొని వరుగులు పెట్టాం. "ఉప్పెంత?" అని అది అడిగితే తెల్లమొహం వేశాను. అమ్మ గుప్పిట లెక్క. ఆ రోజుల్లో నేను తలుపు ఇవతల ఉన్నానుగా!

వరుగులు బాగా ఉప్పనయ్యాయి. అయినా తింటున్నాం.