గొంతు తీసేసిన పాటలు

మా ఇంట్లో రెగ్గే పెడితే మొదట వచ్చే సవాల్ ఒకటే: "ఇవి గంజాయి తాగేవాళ్ల పాటలు కాదా?" మా బేగం అడిగింది, ఆపా అడిగింది, నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద దోస్తులూ అడిగారు. అడగడం జాయజే. ఉత్తరాంధ్రలో పిల్లలున్న ఇళ్లలో గంజాయి అంటే ఇప్పుడు ఖౌఫ్. అందుకని ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత నాకు పసందైన ఆల్బమ్‌ల ఫెహరిస్త్ ఇస్తాను.

రెగ్గే జమైకాలో పుట్టింది. అక్కడి రాస్తఫారీ మతస్తులకి గంజాయి ఇబాదత్‌లో ఒక భాగం. మనకి నషా హరామ్, అందులో బహస్ లేదు. అయితే ఒక తమాషా చూడండి. ‘గంజా’ అనే మాట జమైకాకి వెళ్లింది మన దేశం నుంచే. 1845 నుంచి ఓడలెక్కి అక్కడి చెరకు తోటలకి వెళ్లిన కూలీలతో వెళ్లింది. వాళ్లతోనే మొహర్రం తాజియాలు కూడా వెళ్లాయి. మనం పీర్ల పండగ అన్నట్టు వాళ్లు ‘హొసే’ అంటారు, డోళ్లు కొడుతూ జులూస్ తీస్తారు. పొట్ట చేత పట్టుకుని సముద్రం దాటిన మనిషి మంచీ చెడూ రెండూ ఒకే మూటలో కట్టుకుపోతాడు. మనకి కావాల్సింది మనం తీసుకుందాం.

నేను తీసుకున్నది జుదాయి. ఆఫ్రికా నుంచి గొలుసులేసి లాక్కొచ్చిన వాళ్ల ఔలాద్ చేసుకున్న సంగీతం రెగ్గే. సిక్కోలు, ఇజీనారం వలసల జిల్లాలు. ఇంటికొకరు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటారు. ఈ సంగీతం మనకి ఎక్కకపోతే ఇంకెవరికి ఎక్కుతుంది?

మొదట ఒక జోడీ చెప్తాను. బర్నింగ్ స్పియర్ వాళ్ల ‘మార్కస్ గార్వే’, 1975లో వచ్చింది. గార్వే నల్లవాళ్ల ఇజ్జత్ కోసం గొంతెత్తిన జమైకా నాయకుడు. గులామీ రోజులు గుర్తున్నాయా అని అడిగే పాట ఒకటుంది ఇందులో. మరుసటి ఏడాదే, అంటే 1976లో, అదే ఆల్బమ్‌ని గొంతు తీసేసి ‘గార్వేస్ ఘోస్ట్’ పేరుతో విడుదల చేశారు. పాటలు అవే. పాడేవాడు మాత్రం ఉండడు. ఎక్కడో ఒక మాట ముక్క తేలి మళ్లీ మునిగిపోతుంది. దీన్నే డబ్ అంటారు.

డబ్‌కి ఉస్తాద్ కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్బోర్న్ రడ్డాక్. కింగ్‌స్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే మెకానిక్. రికార్డు రెండో వైపు వేయడానికి గొంతు లేని పాట కావాల్సొచ్చేది. ఆ పని ఆయన చేతిలో పడింది. ఒక్కో వాయిద్యం విడివిడిగా రికార్డయి ఉంటుంది కదా, ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని పైకి తెచ్చేవాడు. గొంతుని మధ్యలో కోసేసి దాని ప్రతిధ్వనిని మాత్రం వదిలేవాడు. చివరికి డ్రమ్మూ, బేసూ, వాటి మధ్య ఖాళీ మిగులుతాయి. ఆ ఖాళీలోనే ఉంది మజా అంతా.

ఈ జోడీ మా అబ్బాకి వినిపించాను. మన బుజుర్గులు గుల్షనాబాద్ అని పిలుచుకున్న సిక్కోలు నుంచి ఆయన దమ్మాం వెళ్లి పద్నాలుగేళ్లు వెల్డింగ్ పని చేశారు. అప్పట్లో ఖత్ బదులు క్యాసెట్ పంపేవారు. ఛుట్టీకి వచ్చే దోస్తు ఎవరైనా తెచ్చిచ్చేవాడు. సలాం, ఖైరియత్, ఎవరికి ఎంత బాకీ కట్టాలో చెప్పి ఆగిపోయేవారు. టేపు తిరుగుతూనే ఉండేది. కూలర్ చప్పుడు, పక్క మంచం మీద ఎవరిదో దగ్గు. అమ్మీ ఆ ఖాళీ టేపు కూడా చివరిదాకా వినేది, ముందుకి తిప్పనిచ్చేది కాదు. ‘గార్వేస్ ఘోస్ట్’ కాసేపు విని అబ్బా అడిగారు, "గానేవాలా కిధర్ గయా రే?" కావాలనే తీసేశారని చెప్పాను. "లేడంటావేటి, ఉన్నాడు గదా," అన్నారు. డబ్ గురించి ఇంతకంటే బాగా నేను ఎక్కడా చదవలేదు. మా చిన్నోడు ఇప్పుడు దోహా వీసా కోసం చూస్తున్నాడు. ఈ ఫెహరిస్త్ వాడి ఫోన్లోకి కూడా వెళ్లింది.

రెండోది అగస్టస్ పాబ్లో ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’, 1976. పాబ్లో వాయించేది మెలోడికా. నోటితో ఊదుతూ మెట్లు నొక్కే చిన్న వాయిద్యం, స్కూలు పిల్లల చేతుల్లో కనిపించేది. దాంతో ఆయన తీసిన దర్ద్ వింటే నాకు విజయనగరం బాబామెట్ట దర్గాలో ఖవ్వాలీకి ముందు ఒంటరిగా పలికే హార్మోనియం గుర్తొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు ఇదే పెట్టండి.

మూడోది ‘హార్ట్ ఆఫ్ ది కాంగోస్’, 1977. ఇద్దరు గాయకులు, ఒకరిది మింటికెగిరే సన్నని గొంతు. లీ పెర్రీ తన ఇంటి వెనక స్టూడియోలో చేశాడు. మొదటి పాటే చేపలు పట్టేవాళ్ల మీద. ఇంట్లో ఆకలితో ఉన్న పిల్లల కోసం వల పట్టమనే పాట. మన తీరం వాళ్లు వేటకి గుజరాత్ దాకా వెళ్తారు. 2018 చివర్లో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ బలగాలకి దొరికి కరాచీ జైల్లో ఏడాది పైన ఉన్నారు. 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. ఆ పాట విన్నప్పుడల్లా ఆ ఏడాదంతా ఒడ్డున సబర్ పట్టిన ఇళ్లే కళ్లలో మెదులుతాయి.

నాలుగోది లింటన్ క్వేసీ జాన్సన్ ‘ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ’, 1979. ఈయన లండన్‌లో పెరిగిన జమైకా షాయర్. బడి ఇంగ్లీషు పక్కన పెట్టి జమైకా యాసలోనే రాశాడు. జైల్లోంచి కొడుకు అమ్మకి రాసిన ఖత్ ఒకటుంది, అది వినడానికి గుండె కావాలి. పార్వతీపురం వంగపండు ప్రసాదరావు మన యాసని పాటకెక్కించిన సంగతి తెలిసినవాళ్లకి జాన్సన్ పరాయివాడు అనిపించడు. జముకు మోతకి అలవాటుపడ్డ చెవికి ఆ బేస్ కూడా కొత్త కాదు.

ఐదోది మనకి రిష్తా ఉన్న దీవి నుంచి. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన తెలుగు కూలీలని అక్కడ కోరంగీలనే పిలిచారు. నేటికీ అక్కడ ఉగాదికి సర్కారీ సెలవు. ఆ దీవి సెగా పాటనీ రెగ్గేనీ కలిపి ‘సెగ్గే’ చేసినవాడు కాయా. కచేరీలో గంజాయి తాగాడని పట్టుకెళ్తే 1999 ఫిబ్రవరిలో పోలీసు కస్టడీలో చనిపోయాడు. దీవి రోజుల తరబడి అట్టుడికింది. నషా తప్పు అనేవాళ్లు కూడా ఆ మౌత్‌కి ఇన్సాఫ్ అడగొచ్చు. ‘సెగ్గే నూ లా మిజిక్’ ఆయనదే.

ఆఖరిగా ప్రిన్స్ బస్టర్. రెగ్గేకి ముందు నడిచిన ‘స్కా’ సంగీతంలో పెద్ద పేరు. 1964లో ముహమ్మద్ అలీని కలిశాక ఇస్లాం కుబూల్ చేసి ముహమ్మద్ యూసుఫ్ అలీ అయ్యాడు. రాస్తఫారీ డోళ్లని మొదట రికార్డుకెక్కించిన వాళ్లలో ఈయనే ముఖ్యుడు. నమ్మకం వేరైనా డోలు వాయించేవాడి హునర్‌కి ఇజ్జత్ ఇచ్చాడు. మన వాళ్లలో మౌసిఖీ వద్దనేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు జగడా లేదు. వినేవాళ్ల కోసమే ఇది రాశాను.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఫోన్ స్పీకర్లో బేస్ వినపడదు, బేస్ లేకపోతే డబ్ లేదు. పాత స్పీకరు పెట్టె ఏదైనా అటక మీంచి దించండి, లేదంటే మంచి ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. అజాన్ వేళ ఆపేయండి. ఇషా అయ్యాక, ఇల్లు సద్దుమణిగాక, గార్వే జోడీతో మొదలుపెట్టండి. ముందు గొంతు ఉన్నది, తర్వాత లేనిది.