మా పెరట్లో వలిసెలు

మన హాస్టల్ ముందు కుండీల్లో జెర్బెరా పూలు ఉన్నాయి కదా. వాటికి నీళ్ళు పోసే వంతు నాకు వచ్చినప్పుడు సైన్సు టీచర్ గారు అవి దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పూలని చెప్పారు. నీళ్ళు మొదట్లోనే పోయాలి, మొవ్వు మీద పోస్తే కుళ్ళిపోతుందన్నారు. తర్వాత "మీ వలిసె పువ్వు కూడా ఆఫ్రికాదే, ఇథియోపియా దేశానిది. రెండూ ఒకే కుటుంబం" అన్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. వలిసెలు మా కొండల్లోనే పుట్టాయనుకున్నాను.

మాది అరకు దగ్గర ఊరు. మా ఇంటి వెనక ఏటవాలుగా కొంచెం రాళ్ళ నేల ఉంది. అక్కడ వరి రాదు, వలిసెలు వస్తాయి. ఆగస్టు ఆఖర్న నాన్న దున్నితే అమ్మ గింజలు చల్లుతుంది. గింజ నల్లగా, సన్నగా ఉంటుంది. ఇసక కలిపి చల్లకపోతే అన్నీ ఒకేచోట పడిపోతాయి. పశువులు ఈ మొక్కను పెద్దగా తినవు కాబట్టి మేము కంచె వెయ్యం.

అలాగని పని లేదనుకోకండి. బంగారు తీగ అని ఒకటి వస్తుంది. దానికి ఆకులుండవు, నేలలో వేరు ఉండదు. పసుపు దారంలాగ మొక్కను చుట్టేసి రసం పీల్చేస్తుంది. ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది. అందుకే దసరా సెలవుల్లో అమ్మా నేనూ అది పట్టిన మొక్కల్ని తీగతో సహా పీకి, దూరంగా కాల్చేస్తాం. తీగ గింజ కట్టకముందే ఈ పని అయిపోవాలి.

నవంబరులో పెరడంతా పసుపుగా పూస్తుంది. తేనెటీగలు బాగా వస్తాయి. వలిసె పువ్వుకి తన మొక్క పుప్పొడి పనికిరాదు, వేరే మొక్క పుప్పొడిని తేనెటీగలే తేవాలి. అందుకని పూతమీద పురుగుమందు కొట్టకూడదు.

పూలకోసం మనుషులు కూడా వస్తారు. పోయిన ఏడాది నేను సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు కారులో వచ్చినవాళ్ళు ఫోటోల కోసం చేను మధ్యలోకి దిగిపోయారు. ఒకామె గుత్తిగా పూలు కోసుకుంది. అమ్మ వద్దని చెప్పింది గాని మా భాష వాళ్ళకి అర్థం కాలేదు. నవ్వి పది రూపాయలు ఇవ్వబోయారు. అమ్మ తీసుకోలేదు. వాళ్ళు వెళ్ళాక పడిపోయిన మొక్కల్ని లేపి చూసింది. అవి నిలబడలేదు. ఆ గింజలతోనే మాకు కూరలోకి నూనె వస్తుంది. మిగిలినవి సంతలో అమ్మితే నా పుస్తకాలకి డబ్బులు వస్తాయి.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. పాత చెక్కమీద సున్నంతో "ఇవి మా నూనె గింజలు. గట్టుమీద నిలబడి చూడండి" అని రాశాను. నాన్న దాన్ని దారి పక్కన పాతారు. అమ్మ "ఏం రాసినావు?" అని అడిగితే చదివి వినిపించాను. "ఒక పువ్వు కోస్తే ఎన్ని గింజలు పోతాయో అది కూడా రాయి" అంది. మర్నాడు వచ్చినవాళ్ళు బోర్డు చదివి గట్టుమీదే ఉండిపోయారు.

సంక్రాంతి సెలవుల్లో కోత అయ్యాక ఒక ఎండిన పువ్వు విప్పి లెక్కపెట్టాను. 27 గింజలున్నాయి. మనం ఒక పువ్వు అంటాం గాని, దాని మధ్యలో ఉన్నవన్నీ చిన్న చిన్న పూలే. ఒక్కోదానిలో ఒక్కో గింజ కడుతుంది.

ఈసారి బోర్డుమీద 27 అని కూడా రాస్తాను. ఫ్రెండ్స్, మీ చుట్టాలెవరైనా అరకు చూడ్డానికి వస్తే ఈ సంగతి చెప్పండి. ఫోటో గట్టుమీద నుంచి కూడా బాగానే వస్తుంది.

– 9వ తరగతి విద్యార్థిని