పగిలిన గిటారు

2015లో విడుదలైన ‘ద హేట్‌ఫుల్ ఎయిట్’ చిత్రంలో ఒక స్త్రీ గిటారు వాయిస్తూ పాడుతుంది. ఒక పురుషుడు ఆ వాద్యాన్ని లాక్కొని బద్దలు కొడతాడు. నటి జెనిఫర్ జేసన్ లీ కెవ్వున అరుస్తుంది. ఆ అరుపు నటన కాదు. దెబ్బ పడేలోగా అసలు గిటారును తప్పించి నకలును అందించవలసి ఉన్నది. ఆ సంగతి నటుడు కర్ట్ రసెల్‌కు తెలియలేదు. ముక్కలైనది 1870ల నాటి మార్టిన్ గిటారు, తయారీదారుల మ్యూజియం ఎరువిచ్చినది.

ఈనాటి కంటికి అటువంటిది పిల్లల వాద్యంలా తోస్తుంది. సన్నని నడుము, ఒడిలో ఇమిడిపోయే దేహం. ఆ కాలంలో అదే నిండు పరిమాణం. తంతులు పేగులతో చేసినవి. వినేవారు ఒక గదిలోని పదిమంది. అంతకు మించిన గొంతుతో పనేమున్నది?

క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో వడ్రంగుల ఇంట పుట్టాడు. వియన్నాలో స్టాఫర్ వద్ద పని నేర్చాడు. స్వస్థలంలో వయొలిన్ తయారీదారుల సంఘం, గిటారు చేసే హక్కు వడ్రంగులకు లేదని వ్యాజ్యమాడింది. (వృత్తుల తగవులు భారతదేశపు సొత్తే అనుకునేవారు గమనించాలి.) తీర్పు వడ్రంగుల పక్షానే వచ్చింది. అయినా మార్టిన్ అక్కడ నిలవలేదు. 1833లో న్యూయార్క్ చేరి, కొన్నేళ్లకు పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో స్థిరపడ్డాడు.

పైచెక్క లోపల కత్తెరలా దాటుకొనే రెండు బద్దలు 1840లలో అతని గిటార్లలో కనిపిస్తాయి. పేగు తంతులకు అంత బలం అవసరమే లేదు. ఎనభై ఏళ్ల తరువాత ఉక్కు తీగలు వచ్చినప్పుడు వాటి లాగుడుకు ఓర్చుకొన్నది ఆ కత్తెరే.

ఉక్కుతో బాటు పెద్ద గొంతు మీద మోజు పెరిగింది. 1916లో పుట్టిన భారీ గిటారుకు ‘డ్రెడ్‌నాట్’ అని బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు; భయమెరుగనిదని అర్థం. చిన్నదానికి ‘పార్లర్ గిటారు’ అన్న పేరు మిగిలింది. ఈ మాటను తెనిగించడం కష్టం. తెలుగు ఊళ్లలో పార్లరంటే ఐస్‌క్రీమో అలంకరణో గుర్తుకు వస్తుంది.

మైకు ముందు మాత్రం పెద్ద పెట్టె అవసరం లేదు. జోన్ బాయెజ్ చేత 1929 నాటి చిన్న మార్టినే ఉండేది. ఎరిక్ క్లాప్టన్ 1992లో ‘అన్‌ప్లగ్డ్’ కచేరీలో వాయించిన 1939 నాటి గిటారు 2004 వేలంలో 7,91,500 డాలర్లు పలికింది.

ఆ పగిలిన గిటారుకు బీమా సొమ్ము ముట్టింది. సినిమాలకు ఇక గిటార్లు ఇవ్వబోమని మ్యూజియం ప్రకటించింది. నటి అరుపు చిత్రంలో అలాగే ఉన్నది.