కారుకి కూడా వీసా కావాలా?

విదేశాలకి వెళ్తున్నాం అనగానే చుట్టాలు, పక్కింటివాళ్లు అడిగే ప్రశ్నలు మనందరికీ తెలిసినవే. ఆవకాయ ఎన్ని కిలోలు పట్టుకెళ్తున్నారు? గ్రైండర్ ఇక్కడినుంచా, అక్కడ కొంటారా? కుక్కర్‌కి గాస్కెట్లు నాలుగు ఎక్కువ పెట్టుకోండి, అక్కడ దొరకవు! వీటికి జవాబులు చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చేశాయి. కానీ నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న మాత్రం ఎవ్వరూ అడగలేదు. మరి బండి సంగతేంటి?

నేనే పైకి అంటే అందరూ నవ్వారు. ఒక్క మా పాప మాత్రం నవ్వకుండా, "అమ్మా, కారుకి కూడా వీసా కావాలా?" అని అడిగింది. నిజానికి సరైన ప్రశ్న అదే.

నాది 2017 మోడల్ వ్యాగన్ఆర్. సిల్వర్ రంగు. "నాది" అని ఎందుకంటున్నానంటే, ఈ ఇంట్లో నా పేరు మీద ఉన్న వస్తువు అదొక్కటే. ఫ్లాట్ మావారి పేరు మీద ఉంది. గ్యాస్ కనెక్షన్ మామయ్యగారి పేరు. కరెంటు బిల్లు కూడా ఆయన పేరే. బండి మాత్రం నా చీటీ డబ్బులు, అమ్మ పెట్టిన రెండు గాజులు కలిపి కొన్నాను. ఆర్సీ మీద నా పేరు చూసుకున్న రోజు దాన్ని దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

ముప్పై ఎనిమిదేళ్లకి డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని. మామయ్యగారికి డయాలసిస్ మొదలయ్యాక వారానికి మూడు రోజులు మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాద్ తీసుకెళ్లింది ఆ బండిలోనే. మావారికి టూర్లు, మరిదికి షిఫ్టులు. పద్నాలుగు నెలలు నేనే తిప్పాను. ఆయన పక్క సీట్లో కూర్చుని, "బ్రేకు మెత్తగా వెయ్యమ్మా, నేనెలాగూ వెళ్లేవాణ్ణే, తొందరేం లేదు" అని నవ్వించేవారు. తిరుగు ప్రయాణంలో నీరసంగా కళ్లు మూసుకునే ఉన్నా, గుంతలో టైరు పడితే మాత్రం "ఊఁ" అనేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ సీటు అడ్జస్ట్‌మెంట్ నేను ఇప్పటిదాకా మార్చలేదు.

కాబట్టి మావారికి ఇంగ్లండులో లీడ్స్‌కి ఉద్యోగం ఖాయమైనప్పుడు, ఆయన "అమ్మేద్దాంలే" అన్నంత తేలిగ్గా నాకు మాట రాలేదు. డిపెండెంట్ వీసా మీద వెళ్తున్నాను. ఇల్లు ఆయన పేరు మీద అద్దెకి తీసుకోవాలి, జీతం ఆయనది. కనీసం బండైనా నాతో వస్తే బాగుండు అనిపించింది. వెర్రి ఆలోచన అంటారేమో. అనుకోండి. కానీ తీసిపారేసే ముందు లెక్క చూడాలి కదా! ఒక నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాను.

మొదట తెలిసిందేంటంటే, ఇది బండిని బట్టి కాదు, దేశాన్ని బట్టి తేలే విషయం. మన స్టీరింగు కుడివైపు. దుబాయ్ వెళ్లేవాళ్లకి అసలు ఆలోచనే అక్కర్లేదు, కుడి స్టీరింగు బండి అక్కడ రిజిస్టర్ చేయరు. అమెరికాకైతే పాతికేళ్లు దాటని బండి వాళ్ల భద్రతా ప్రమాణాలకి సరిపడేలా తయారైందై ఉండాలి, మన బండ్లు అలా ఉండవు. సింగపూర్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు కానీ, మూడేళ్లు దాటిన పాత బండిని తీసుకోరు. అక్కణ్ణించి ఇటు వచ్చేవాళ్లకీ ఇలాంటి తిప్పలే. అమెరికాలో ముచ్చటపడి కొనుక్కున్న ఎడమ స్టీరింగు కారుని మన దేశంలో రిజిస్టర్ చేయించుకోలేరు.

ఇంగ్లండు మాత్రం ఊరిస్తుంది. వాళ్లూ ఎడమవైపే, స్టీరింగు కుడివైపే. పైగా కాపురం మార్చుకుని వెళ్లేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ఆ దేశం బయట కనీసం 12 నెలలు ఉండి, బండి మన దగ్గర కనీసం 6 నెలలు వాడకంలో ఉంటే, ముందుగా దరఖాస్తు పెట్టుకుని కస్టమ్స్ సుంకం, 20 శాతం వ్యాట్ లేకుండా తెచ్చుకోవచ్చు. కాకపోతే వచ్చాక ఏడాదిపాటు దాన్ని అమ్మకూడదు, అద్దెకి ఇవ్వకూడదు, ఇంకొకరికి వాడుకోమని ఇవ్వకూడదు. ఇది చదివి ఎగిరి గంతేశాను. "చూశారా, పన్ను కూడా లేదు!" అని మావారికి చూపించాను. ఆయన "పూర్తిగా చదువు" అన్నారు.

చదివాను. బండి ఓడ దిగిన 14 రోజుల్లోపు పన్నులవాళ్లకి తెలియజేయాలి. పదేళ్లు నిండని బండి కాబట్టి దాన్ని అక్కడి ప్రభుత్వ కేంద్రంలో పరీక్షకి పెట్టాలి. స్పీడోమీటరు మైళ్లలో చూపించాలి. వెనక పొగమంచు దీపం ఉండాలి, నా బండికి లేదు. మూడేళ్లు దాటింది కాబట్టి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష కూడా చేయించాలి. అవన్నీ అయ్యాక రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు. ఇక ఇన్సూరెన్సు. వాళ్ల జాబితాల్లో లేని దిగుమతి బండి అంటే అందరూ ఇవ్వరు, ఇచ్చేవాళ్లు ఎక్కువ అడుగుతారు. రేపు అద్దం పగిలినా, బంపరు విరిగినా విడిభాగం హైదరాబాద్ నుంచి రావాలి. మన వైపు పని కూడా తక్కువేం కాదు. ఆర్టీఏ ఎన్‌ఓసీ, పోర్టు కాగితాలు, ఏజెంటు.

నోటుబుక్కులో ఒక పక్క బండి విలువ రాశాను. బయట అడిగితే 3 లక్షల 40 వేలు వచ్చేలా ఉంది. రెండో పక్క ఓడ ఖర్చు, పోర్టు ఖర్చు, మార్పులు, పరీక్షలు, ఇన్సూరెన్సు తేడా రాసుకుంటూ వెళ్లాను. ఓడ దిగేలోపే రెండో పక్క మొదటి పక్కని దాటేసింది. కింద గీత కొట్టి, బుక్కు మూసి, వంకాయ కూర తిరగమోత పెట్టుకున్నాను. బాధ వేసింది కానీ, తేలిపోయింది కూడా. లెక్క చూడకుండా మానేసి ఉంటే మనసు పీకుతూనే ఉండేది. ఇప్పుడు అది లేదు.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు, "పోన్లే, తమ్ముడికి ఇచ్చేద్దామని చెప్పేశాను. వాడు సంతోషించాడు" అన్నారు.

"ఇచ్చేద్దామంటే?"

"ఇవ్వడమే. సొంత తమ్ముడికి అమ్ముతామా?"

"బండి ఎవరి పేరు మీద ఉందండీ?"

"ఇంట్లో నీది నాది అని ఉంటుందా ఏంటి!"

"లేదనే అనుకుందాం. అయితే వెళ్లేలోపు ఫ్లాట్ కాగితాల్లో నా పేరు కూడా రాయిద్దాం."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఆపేశారు. చెడ్డ మనిషి కాదు. ఆ మాట ఆయనకి అంతకుముందు తట్టలేదు, అంతే. మన ఇళ్లల్లో ఆడవాళ్ల వస్తువు ఎప్పుడూ "ఇంటి వస్తువు" అవుతుంది, మగవాళ్ల వస్తువు మాత్రం వాళ్లదే. గాజులు అమ్మినప్పుడు అవి నావి, బండి వచ్చాక అది అందరిదీ!

పొద్దున్నే అత్తయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "మీ మామయ్య కూర్చున్న బండమ్మా, బయటివాళ్లకి పోనివ్వకు" అన్నారు. ఆ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నాకూ అదే ఉంది మనసులో. బయటివాళ్లకి ఇవ్వాలనీ లేదు, ఊరికే ఇచ్చేయాలనీ లేదు. రెండు రోజులు ఆలోచించాను.

మా తోటికోడలు బడిలో టీచరు. రెండు ఆటోలు మారి వెళ్తుంది. మరిది బండి తీసుకుంటే ఆయన ఆఫీసుకి వెళ్తుంది, తను మాత్రం ఆటోల్లోనే తిరుగుతుంది. అందుకని ఒక మధ్యాహ్నం తనని కూర్చోబెట్టి అడిగాను. "బండి నీ పేరు మీద తీసుకుంటావా? 2 లక్షల 80 వేలకి ఇస్తాను. లక్షన్నర ఇప్పుడు, మిగతాది నెలకి 10 వేలు చొప్పున పదమూడు నెలలు."

"నాకెందుకక్కా, నాకు డ్రైవింగే రాదు."

"నాకు వచ్చిందా పుట్టినప్పుడు? నేను వెళ్లేలోపు నేర్పిస్తాను."

తను చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నా పేరు మీదేనా?" అని మళ్లీ అడిగింది. ఆ అడగడంలోనే నాకు తెలిసిపోయింది, తీసుకుంటుందని.

అత్తయ్యగారికి నచ్చలేదు. "అన్నదమ్ముల మధ్య అమ్మకాలేంటమ్మా" అన్నారు. "అన్నదమ్ముల మధ్య కాదత్తయ్యా, తోటికోడళ్ల మధ్య" అన్నాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. కానీ పేరు మారిన రోజు నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది ఆవిడే.

ఇంట్లోవాళ్లకే కదా అని కాగితాలు వాయిదా వేయకండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. బండి అప్పజెప్పేసినా ఆర్టీఏ రికార్డులో మన పేరు ఉన్నంతకాలం యజమాని మనమే. యాక్సిడెంటు పరిహారం కేసుల్లో రికార్డులో పేరున్నవాళ్లదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మనం వేరే దేశంలో ఉంటాం, నోటీసు ఇక్కడికొస్తుంది. అందుకని ఫారం 29, ఫారం 30 పూర్తి చేసి, పేరు మారిన ఆర్సీ చూశాకే విమానం ఎక్కండి. బండికి లోను ఉంటే ముందు బ్యాంకు నుంచి ఫారం 35 తీసుకుని ఆ పేరు తీయించాలి. ఇన్సూరెన్సు కూడా కొత్తవాళ్ల పేరుకి మార్పించాలి, దానికి 14 రోజులే గడువు. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనది. దాని తాలూకు లెటర్ అడిగి తీసుకుంటే మూడేళ్లలోపు తిరిగొచ్చి ఇంకో బండి కొన్నప్పుడు పనికొస్తుంది. ఫాస్టాగ్ మూయించండి, లేకపోతే వాళ్లు టోలు దాటినప్పుడల్లా మన డబ్బులు పోతాయి. మన సేవింగ్స్ ఖాతా కూడా ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. నెలనెలా నా 10 వేలు పడేది దాన్లోనే. మావారి ఖాతాలో కాదు!

ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. మన లైసెన్సు మీద ఇక్కడ 12 నెలలు నడపనిస్తారు. ఆ తర్వాత ఇక్కడి పరీక్షలు పాసవ్వాల్సిందే. ప్రొవిజనల్ లైసెన్సుకి 34 పౌండ్లు, థియరీకి 23, ప్రాక్టికల్‌కి 62. అన్నీ నా బండి డబ్బుల్లోంచే. వచ్చేముందే కొంత ఫారెక్స్ కార్డులో వేయించుకున్నాను. థియరీలో 50 ప్రశ్నలకి 43 రావాలి, నాకు 47 వచ్చాయి. పాప గిన్నె మీద గరిటెతో వాయించి ఊరేగించింది. ప్రాక్టికల్‌కి తేదీ దొరకడమే కష్టంగా ఉంది, వచ్చే నెల 19న వచ్చింది. ఇన్నేళ్లు నడిపిన చెయ్యికి పాఠాలెందుకు అనుకోకండి. రౌండెబౌట్ దగ్గర మనం హారన్ కొట్టుకుని దూరిపోతాం, వీళ్లు ఆగి చూసి కదులుతారు. ఆ ఓపిక నేర్చుకోవడానికే ఆరు క్లాసులు పట్టింది.

ఇక్కడ ఒక చిన్న సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాం. డబ్బు మావారిది. లాగ్‌బుక్కులో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన పెన్ను నా వైపు జరిపి, "నీ పేరే రాయి, నడిపేది నువ్వే కదా" అన్నారు. ఇక్కడ లాగ్‌బుక్కులో పేరుంటే బండి మీద హక్కు ఉన్నట్టు కాదట, దాన్ని చూసుకునే మనిషి అని మాత్రమే అర్థం. అది చదివి నవ్వొచ్చింది. మన ఇళ్లల్లో మనకిచ్చే హోదా అదే కదా! అందుకని కొన్న రసీదు మీద కూడా ఇద్దరి పేర్లూ రాయించాను. ఆయన ట్రైన్‌లో ఆఫీసుకి వెళ్తారు, బడికీ బజారుకీ నేను నడుపుతాను కాబట్టి ఇన్సూరెన్సులో ముఖ్య డ్రైవరుని నేనే. ఆ బోనస్ నా పేరు మీద పెరుగుతుంది.

ఎవరైనా విదేశాలకి వెళ్తూ "బండి తీసుకెళ్లొచ్చా" అని అడిగితే నేను మూడే చెప్తాను. ఆ దేశం తీసుకుంటుందా చూడండి. ఖర్చు బండి విలువని దాటుతోందా చూడండి. మూడోది, వద్దనుకున్నాక అది ఎవరికి, ఎంతకి, ఎవరి పేరు మీద వెళ్తుందో మీరే నిర్ణయించండి. మొదటి రెండూ ఇంట్లో మగవాళ్లు చూసిపెడతారు. మూడోది మనం అడిగితే తప్ప ఎవరికీ గుర్తురాదు.

మొన్న ఆదివారం తోటికోడలు ఫోను చేసింది. అత్తయ్యగారిని ఎక్కించుకుని యాదగిరిగుట్ట వెళ్లొచ్చిందట. "ఘాట్ రోడ్డు కూడా ఎక్కానక్కా, కాళ్లు వణికాయి" అంది. వెనకనుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "బ్రేకు నీలాగే మెత్తగా వేస్తోందమ్మా!"