బేగంపేటలో గీసిన ఆకాశపటం

హైదరాబాద్‌లో అమీర్‌పేట, బేగంపేట అంటే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఫ్లైఓవర్లు, నెత్తి మీదుగా దూసుకెళ్లే మెట్రో రైలు. రాత్రి పదయినా పట్టపగలులా వెలిగే వీధులు. అక్కడ తలెత్తి చూస్తే చందమామ, ఒకటి రెండు గ్రహాలు తప్ప చుక్కలు కనిపించడమే గగనం.

అదే చోట, సరిగ్గా వందేళ్ల కిందట, కొందరు మనుషులు రాత్రంతా మేలుకుని లక్షల చుక్కలకు చిరునామాలు రాశారంటే నమ్మబుద్ధి కాదు. బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం) ప్రాంగణంలో ఉన్న నిజామియా అబ్జర్వేటరీ భవనమే అందుకు సాక్షి. ప్యారిస్‌లో మొదలైన ఓ మహాయజ్ఞంలో మన హైదరాబాద్ వంతు పూర్తయింది ఇక్కడే. ఆ లెక్కలు తర్వాత ఉపగ్రహాలకూ ఉపయోగపడ్డాయి. ఆ కథ తెలియాలంటే నవాబుల కాలం నుంచి మొదలుపెట్టి, వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరం దాకా ప్రయాణం చేయాలి.

నవాబు గారి దుర్భిణి

నిజాం కొలువులోని నవాబు జాఫర్ జంగ్‌కు ఖగోళశాస్త్రమంటే ప్రాణం. 1901లో ఆయన 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని, ఫిసల్‌బండలోని తన ఆవరణలో వేధశాల ఏర్పాటు చేసుకున్నారు. దానికి నిజాం పేరు పెట్టుకోవడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతి అడిగారు. తన తర్వాత దాన్ని ప్రభుత్వమే చూసుకోవాలనీ కోరారు. 1907లో నవాబు కన్నుమూశారు. ఆయన కోరినట్టే ప్రభుత్వం వేధశాలను తీసుకుంది. 1908లో ఆర్థర్ చాట్‌వుడ్ తొలి డైరెక్టర్‌గా వచ్చారు. పరికరాలు బేగంపేటకు చేరాయి. అప్పటికది ఊరికి దూరంగా ఉన్న చీకటి ప్రదేశం.

1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. 1918 నుంచి 1944 దాకా దాన్ని నడిపించింది టి.పి.భాస్కరన్. గ్రబ్ టెలిస్కోపు బేగంపేటలో పనిలోకి దిగింది ఆయన హయాంలోనే, 1922లో. అయితే ఈ వేధశాలకు ప్రపంచ పటంలో చోటు తెచ్చింది పెద్ద టెలిస్కోపు కాదు. దాని పక్కనున్న ‘ఆస్ట్రోగ్రాఫ్’. అంటే ఆకాశాన్ని ఫొటోలు తీయడానికే తయారుచేసిన దుర్భిణి.

ఆకాశాన్ని పంచుకున్నారు!

1887లో ప్యారిస్ వేధశాల అధిపతి అడ్మిరల్ ముషే ఓ అంతర్జాతీయ సమావేశం పెట్టారు. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి, చుక్కల జాబితా తయారుచేద్దామన్నది ప్రతిపాదన. ఒక్క దేశం వల్ల అయ్యే పని కాదు కాబట్టి ఆకాశాన్ని అడ్డపట్టీలుగా కోసి, ప్రపంచంలోని సుమారు ఇరవై వేధశాలలకు పంచారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టన్నమాట!

దక్షిణాకాశంలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగో వాటాకు వచ్చింది. అక్కడ పని సాగలేదు. ఆ బాధ్యతను హైదరాబాద్ తలకెత్తుకుంది. అది పూర్తయ్యాక జర్మనీలోని పోట్స్‌డామ్ చేయాల్సిన ఉత్తర భాగంలోంచి 36 నుంచి 39 డిగ్రీల పట్టీనీ ఇక్కడివాళ్లే చేసిపెట్టారు. ఒకరి వాటా కాదు, రెండు వాటాలు!

పని ఎలా జరిగేదంటే... గాజు పలక మీద మందు పూసిన ఫొటో ప్లేటును దుర్భిణికి బిగిస్తారు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి దుర్భిణి కూడా చుక్కలతో పాటే నెమ్మదిగా తిరుగుతుండాలి. ఏ మాత్రం తేడా వచ్చినా చుక్క గీత అయిపోతుంది. ఒక్కో ప్లేటులో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఆకాశం పడుతుంది. అంటే ఒక్కో వైపు నాలుగు నిండు చందమామలను పక్కపక్కన పేర్చినంత. ప్లేటు మీద ఐదేసి మిల్లీమీటర్ల గళ్లు కూడా అచ్చవుతాయి.

ఇక అసలు పని పగలు. ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ చుక్క ఏ గడిలో, ఏ గీతకు ఎంత దూరంలో ఉందో కొలిచి పుస్తకంలో రాయాలి. కొలతలో మిల్లీమీటరులో వందో వంతు తప్పినా లెక్క పాడవుతుంది. కంప్యూటర్లు లేవు, కాలిక్యులేటర్లు లేవు. ఒకటి కాదు, రెండు కాదు... లక్షల చుక్కలు! వాటికన్ వేధశాలలో ఈ కొలతల పనిని నలుగురు క్రైస్తవ సన్యాసినులు ఏళ్ల తరబడి చేశారు. ఇక్కడ హైదరాబాద్‌లో గుమాస్తాలు, సహాయకులు చేశారు. వాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ గుర్తులేవు. గుర్తున్న ఒక పేరు మాత్రం చెప్పుకోవాలి. నిజామియాలో సహాయకుడిగా పనిచేసిన ఒకాయన కొడుకు అక్కడి దుర్భిణుల మధ్యే పెరిగి, నిజాం కాలేజీలో చదివి, ఆధునిక భారత ఖగోళశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు. ఆయనే వైను బప్పు. తమిళనాడులోని కావలూరులో ఉన్న 2.34 మీటర్ల పెద్ద టెలిస్కోపుకు పెట్టింది ఆయన పేరే.

చుక్కలు కదులుతాయి

ఇంత కష్టపడి చిరునామాలు రాశారు సరే, చుక్కలు ఉన్నచోటే ఉంటాయా? ఉండవు. 1718లోనే ఎడ్మండ్ హేలీ ఈ సంగతి పట్టేశాడు. గ్రీకుల నాటి జాబితాతో పోలిస్తే లుబ్ధకం, స్వాతి, రోహిణి స్థానాలు మారిపోయాయని చెప్పాడు. ప్రతి నక్షత్రమూ తన దారిన తాను పోతూనే ఉంటుంది. దూరం ఎక్కువ కాబట్టి మన కంటికి తెలియదంతే.

మన పంచాంగాలకూ ఈ చిక్కు ఉంది. రాశిచక్రం లెక్క ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా? మేఘనాథ్ సాహా అధ్యక్షతన భారత ప్రభుత్వం వేసిన పంచాంగ సంస్కరణ సంఘం, 1955లో ఇచ్చిన నివేదికలో చిత్త నక్షత్రాన్ని ఆధారం చేసుకుంది. చిత్త సరిగ్గా 180 డిగ్రీల దగ్గర ఉండేలా లెక్క కట్టింది. కానీ ఆ చిత్త కూడా ఏటా కాస్త కదులుతుంది. కదిలే బండికి గుంజ కట్టి పొలం కొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది!

మరి కదలని గుంజ ఎక్కడ దొరుకుతుంది? దొరికింది. అది కూడా చిత్త ఉన్న కన్య తారామండలంలోనే!

చుక్క కాని చుక్క

1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు దగ్గర సిరిల్ హజార్డ్, ఆయన సహచరులు ఓ అవకాశం కోసం కాచుకుని ఉన్నారు. ‘3సి 273’ అనే రేడియో తరంగాల మూలం ముందుకు చందమామ రాబోతోంది. చంద్రుడి అంచు ఎక్కడుందో కచ్చితంగా తెలుసు కాబట్టి, రేడియో సంకేతం ఏ క్షణంలో ఆగిందో చూస్తే ఆ వస్తువు ఎక్కడుందో తేలిపోతుంది. ఆ సమయానికి అది బాగా కిందికి వాలిపోయి ఉంటుంది. టెలిస్కోపును అంత కిందికి వంచాలంటే అడ్డొచ్చే చెట్లను కొట్టేయాల్సి వచ్చిందని చెప్పుకుంటారు.

వాళ్లు చూపించిన చోట దుర్భిణిలో ఓ మామూలు చుక్క కనిపించింది. 1963లో మార్టెన్ ష్మిట్ దాని కాంతిని విడదీసి చూసి నిర్ఘాంతపోయాడు. అది నక్షత్రం కాదు. దాదాపు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఓ గెలాక్సీ నడిబొడ్డు! అలాంటివాటికే ‘క్వాసార్లు’ అని పేరొచ్చింది. గెలాక్సీ మధ్యలోని భారీ కృష్ణబిలంలోకి పడబోయే పదార్థం వేడెక్కి చిమ్మే వెలుగది. మొత్తం గెలాక్సీలోని నక్షత్రాలన్నింటినీ మించి వెలుగుతుంది.

ఇంత దూరంలో ఉండటమే క్వాసార్ల గొప్ప. రైల్లోంచి చూస్తే పట్టాల పక్క చెట్లు పరుగెడతాయి. దూరాన కొండ మాత్రం కదలదు. క్వాసార్లు ఆకాశంలో ఆ కొండల్లాంటివి. అవీ కదులుతుంటాయి కానీ, అంత దూరం నుంచి ఆ కదలిక మనకు కనిపించదు.

అందుకే 1998 జనవరి 1 నుంచి అంతర్జాతీయ ఖగోళ సంఘం నక్షత్రాలను పక్కనపెట్టి, క్వాసార్ల వంటి దూరపు రేడియో మూలాలనే ఆకాశానికి హద్దురాళ్లుగా పాతింది. తొలి జాబితాలో 608 ఉంటే, అసలైన ఆధారాలు 212. 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన మూడో జాబితాలో 4,536 ఉన్నాయి. వాటిలో 303 హద్దురాళ్లు.

వాటిని కొలిచే పద్ధతీ చిత్రమే. జర్మనీలోని వెట్‌జెల్‌లో ఒక రేడియో టెలిస్కోపు, హవాయి దీవుల్లోని కోకీ పార్క్‌లో మరొకటి ఒకేసారి ఒకే క్వాసార్‌ను వింటాయి. సంకేతం ఒకదానికంటే మరొకదానికి కాస్త ముందు చేరుతుంది. పరమాణు గడియారాలతో ఆ తేడా కొలిస్తే క్వాసార్ దిశ తెలుస్తుంది. దిశ ముందే తెలిస్తే భూమి ఎంత తిరిగిందో తెలుస్తుంది. భూమి తిరిగే వేగం రోజూ ఒకేలా ఉండదు మరి. శాటిలైట్లు మన ఫోన్‌కు సరైన దారి చూపాలంటే ఈ లెక్క కావాల్సిందే. అమీర్‌పేట సందుల్లో ఫోన్ చూసుకుంటూ హాస్టల్ వెతుక్కునే కుర్రాడికి వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలి క్వాసార్లు దారి చెబుతున్నాయన్నమాట!

గాజు పలకకు మళ్లీ ప్రాణం

మరి ఉపగ్రహాలే ఆకాశాన్ని కొలుస్తుంటే బేగంపేట లెక్కలు చిత్తు కాగితాలేనా? కానేకాదు.

ఐరోపా అంతరిక్ష సంస్థ 1989లో పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను అద్భుతంగా కొలిచింది. కానీ అది పనిచేసింది నాలుగేళ్లలోపే. ఓ నక్షత్రం ఎటు, ఎంత వేగంగా కదులుతోందో తేలాలంటే అది పాతకాలంలో ఎక్కడుండేదో తెలియాలి. అప్పుడు శాస్త్రవేత్తలు ప్యారిస్ పథకం నాటి పాత సంపుటాలు బయటికి తీశారు. అమెరికా నావికాదళ వేధశాల ఆ కొలతలను కొత్త పద్ధతుల్లో సరిచేసి ఒకచోట చేర్చింది. వాటితో ఉపగ్రహం కొలతలను పోల్చి 2000లో ‘టైకో-2’ జాబితా తెచ్చారు. అందులో పాతిక లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు, కదలికలు ఉన్నాయి. ఆ పాత కొలతల్లో హైదరాబాద్ పట్టీలూ ఉన్నాయి. పేరు తెలియని గుమాస్తాలు కళ్లు కాయలు కాచేలా కొలిచిన అంకెలు, ముప్పావు శతాబ్దం తర్వాత మళ్లీ అక్కరకొచ్చాయి.

తర్వాత వచ్చింది గైయా. 2013 డిసెంబరు 19న బయల్దేరి, 2025 జనవరి 15 దాకా ఆకాశాన్ని పరిశీలించింది. దాని కొలతల కచ్చితత్వం ఎంతంటే, హైదరాబాద్‌లో నిలబడి ఢిల్లీలో ఉన్న వెంట్రుక మందాన్ని పసిగట్టినంత! 2022లో విడుదలైన దాని మూడో జాబితాలో దాదాపు 180 కోట్ల నక్షత్రాలున్నాయి. ఆ పటాన్ని స్థిరంగా నిలబెట్టింది గైయా చూసిన 16 లక్షలకు పైగా క్వాసార్లే.

ఆ క్వాసార్లలోనే గైయా ఓ వింత పట్టింది. అవన్నీ కలిసి ఏటా అతి స్వల్పంగా పాలపుంత కేంద్రం వైపు జరుగుతున్నట్టు కనిపించాయి. కదులుతున్నది అవి కావు, మనం! సూర్యుడు, భూమి, మనందరం కలిసి పాలపుంత కేంద్రం వైపు మొగ్గుతూ తిరుగుతున్నాం. కొండ జరుగుతున్నట్టు కనిపిస్తే, రైలు మలుపు తిరుగుతోందని తెలిసినట్టే.

గడిచిన రాత్రి మళ్లీ రాదు

బేగంపేటకు నగరం చేరువయ్యేకొద్దీ చీకటి దూరమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇబ్రహీంపట్నం వైపు, జాపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య కొత్త వేధశాల కట్టి 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. ఇప్పుడు నగరం ఆ దారిలోనూ విస్తరిస్తోంది.

కొత్త టెలిస్కోపు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఉపగ్రహం మరొకటి పంపొచ్చు. కానీ 1920లో ఫలానా రాత్రి ఆకాశం ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఎంత డబ్బు పోసినా మళ్లీ ఫొటో తీయలేం. ఆ రాత్రి గాజు పలక మీద, సంపుటాల్లోని అంకెల్లో మాత్రమే మిగిలి ఉంది. పాత వేధశాలలను, పాత ప్లేట్లను, పాత పుస్తకాలను కాపాడుకోవాలని ఖగోళ శాస్త్రవేత్తలు పదేపదే చెప్పేది ఇందుకే. రేపు ఏ ప్రశ్నకు అందులో జవాబు దొరుకుతుందో ఈరోజు ఎవరికీ తెలియదు.

వచ్చే చైత్ర పౌర్ణమి రాత్రి పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లండి. నిండు చందమామకు దగ్గర్లో తెల్లగా మెరిసే చుక్క చిత్త. పౌర్ణమి చంద్రుడు ఆ చిత్త దగ్గరుంటాడు కాబట్టే ఆ నెలకు చైత్రమని పేరు. అదే తారామండలంలో, కంటికి కనిపించకుండా, ఆ తొలి క్వాసార్ కూడా ఉంటుంది. ఒకటి మన తాతలు పంచాంగం కట్టిన గుర్తు. రెండోది ఈనాటి కొలతలకు దారి చూపిన గుర్తు. రెండింటి మధ్యా, గాజు పలకల మీద కళ్లు పెట్టుకు కూర్చున్న బేగంపేట గుమాస్తాలు ఉన్నారని పిల్లలకు చెప్పడం మాత్రం మరిచిపోకండి.