గేటు పాసుంటే చాలదు

401, 403. చూడగానే ఆసుపత్రి గదుల నంబర్లేమో అనిపిస్తాయి. కాదు. మనిషిని గుమ్మంలోనే ఆపేసి కంప్యూటరు చెప్పే మాటలివి. రెండూ ఒకటే అనుకుంటాం గానీ, వాటి మధ్య చాలా తేడా ఉంది.

మాది అచ్యుతాపురం. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. దూరపు చుట్టాలకు మాత్రం ఇప్పటికీ 'వైజాగ్ దగ్గర' అనే చెబుతాం. ఇక్కడి సెజ్‌లో ఒక ఫ్యాక్టరీలో నాది ప్లానింగ్ ఉద్యోగం. ఏ పైపులైను మార్చాలి, ఏ వాల్వు బాగుచేయాలి, ఏ అలారం పరీక్షించాలి, ఎప్పటికి పూర్తవ్వాలి... ఇవన్నీ మైక్రోసాఫ్ట్ వారి ప్రాజెక్ట్ ఆన్‌లైన్‌లో ఉంటాయి. పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్ వాటిని తెచ్చి ఎరుపు, ఆకుపచ్చ గడులుగా చూపిస్తుంది. ఎర్రగా ఉంటే పని మిగిలి ఉన్నట్టు.

ఆఫీసు గొడవ మాకెందుకమ్మా అంటారేమో. 2024 ఆగస్టు 21న ఇదే సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎవరికీ 'మిగిలిపోయిన పనుల జాబితా' ఉత్త కాగితంలా కనిపించదు.

2025లో ఓ సోమవారం సమీక్ష. గడులన్నీ దాదాపు పచ్చగా ఉన్నాయి. మా మెయింటెనెన్స్ ఫోర్‌మన్ తెర వంక చూసి, "అదేటమ్మా, ఈ వాల్వు పని పోయిన వారమే మళ్లీ మొదలెట్టాం. ఇక్కడ అయిపోయిందని ఉందేటి?" అన్నాడు.

ఆరా తీస్తే సంగతి తేలింది. ఆ రిపోర్టు తయారుచేసిన అబ్బాయి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అతని ఖాతా మూసేశారు. రిపోర్టు రోజూ అతని పేరుతోనే వెళ్లి వివరాలు తెచ్చుకునేది. వరసగా నాలుగుసార్లు విఫలమైతే పవర్ బీఐ ఆ ప్రయత్నమే మానేస్తుంది. మానేసిన సంగతి మెయిల్లో చెబుతుంది. ఎవరికి? రిపోర్టు యజమానికి. అంటే వెళ్లిపోయిన ఆ అబ్బాయికే! మేం చూస్తున్నవి మూడు వారాల కిందటి అంకెలు. పాలు విరిగితే తెలుస్తుంది. అంకెలు పాచిపోతే వాసన రాదు.

రిపోర్టును నా పేరుతో కలపబోతే 401 వచ్చింది. 'నువ్వెవరో నాకు తెలియలేదు' అని దానర్థం. కంప్యూటరులో పాత లాగిన్ ఏదో గుర్తుండిపోయింది. డేటా సోర్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని తుడిచేసి, 'ఆర్గనైజేషనల్ అకౌంట్' ఎంచుకుని, ఫోనులో అడిగిన నిర్ధారణ కూడా ఇచ్చి మళ్లీ ప్రయత్నించాను. ఈసారి 403. 'నువ్వెవరో తెలుసు, కానీ రానివ్వను' అని.

పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా 403 కరగదు. ఎందుకంటే ఇది అనుమతి తగాదా. మా నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. గేటు పాసు ఉంది కదా అని ఎవరు పడితే వాళ్లు బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూములోకి వెళ్లలేరు. 401 గేటు దగ్గరి మాట, 403 కంట్రోల్ రూము దగ్గరి మాట.

విచిత్రమేమిటంటే, నా ప్రాజెక్టు పేజీలు బ్రౌజరులో చక్కగా తెరుచుకుంటున్నాయి. రిపోర్టు కోసం వివరాలు తీసుకోవడానికి మాత్రం వేరే అనుమతి కావాలి. మా ఏర్పాటులో అయితే 'పోర్ట్‌ఫోలియో వ్యూయర్స్' అనే బృందంలో పేరుండాలి. ఐటీ విభాగానికి రాశాను. అక్కడి కుర్రాడు వెంటనే ఇవ్వలేదు. "మేడమ్, ఇది ఇస్తే మీకు మీ ప్రాజెక్టే కాదు, అందరివీ కనిపిస్తాయి. మేనేజరు గారు ఒప్పుకోవాలి" అన్నాడు. అప్పుడు విసుగొచ్చింది గానీ, అతని మాటలో న్యాయం ఉంది. ఆ దారిలో ప్రాజెక్టుకో తలుపు ఉండదు. ఒకసారి లోపలికి వెళితే ఇల్లంతా కనిపిస్తుంది. అలాంటి తాళంచెవి అడిగిన వెంటనే ఇచ్చేయకూడదు.

రెండు రోజులకు అనుమతి వచ్చింది. పచ్చ గడుల్లో కొన్ని ఒక్కసారిగా ఎరుపెక్కాయి. "ఇదిగో, ఇప్పుడు నిజం చెబుతోంది" అన్నాడు ఫోర్‌మన్. ఆ వారమే ఆ వాల్వు పనికి మనుషుల్ని కేటాయించారు.

1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకున్న రోజుల నుంచే పాస్‌వర్డులున్నాయి. 'నువ్వెవరు' అన్న ప్రశ్నకు అరవయ్యేళ్లు దాటాయి. 'నువ్వు వెళ్లిపోతే ఎవరు' అన్న ప్రశ్న మాత్రం మనకు ఇప్పటికీ తట్టదు. ఇళ్లలో చూడండి. బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ అన్నీ ఒక్కరి ఫోను మీదే నడుస్తుంటాయి. ఆయన మంచాన పడితే మిగతావాళ్లకు దిక్కు తోచదు. అలాగని ఆయన పిన్ను అందరికీ చెప్పేయడం మందు కాదు. జాయింటు ఖాతా, నామినీ వంటి సరైన దారులున్నాయి. ఆఫీసులో మేం చేసిందీ అదే. ఆ రిపోర్టు బాధ్యత ఇప్పుడు ఇద్దరిది.

ప్రాజెక్ట్ ఆన్‌లైన్‌కు 2026 సెప్టెంబరు 30 ఆఖరి రోజని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కొత్త చోటుకు మారేటప్పుడు మళ్లీ 401లు, 403లు తప్పవు. వస్తే రానివ్వండి. తలుపు తీయనని చెప్పే కంప్యూటరుతో ప్రమాదం లేదు. పాత అంకెల్ని పచ్చగా చూపించేదానితోనే ప్రమాదం. అందుకే మా రిపోర్టు నెత్తిన ఇప్పుడు పెద్ద అక్షరాలతో ఒక వరస ఉంటుంది: ఈ వివరాలు ఏ తేదీవి, ఎన్ని గంటలవి అని. సమీక్షలో అందరం ముందు చదివేది ఆ వరసే.